మేకు లేని గోడ

ఏప్రిల్ 12

మా రత్నం నీళ్లోసుకుంది. నా కూతురు, నా ఒక్కగానొక్క కూతురు, పెళ్లయిన ఇన్నేళ్లకి తల్లి కాబోతోంది. నేను తాతనవుతున్నాను. పొద్దున్న దువ్వాడ నుంచి అల్లుడు ఫోన్ చేశాడు. మా ఆవిడ ఎల్లమ్మ ఫోను లాక్కుని తనే మాట్లాడింది. మాట్లాడుతూనే చెంగుతో కళ్లు తుడుచుకుంది. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. సరేనన్నాను. పాలకని వెళ్లి టీ కొట్టు దగ్గర చెప్పేశాను. చెప్పకూడదు, చెప్పకూడదు అనుకుంటూనే... పైడితల్లీ, నన్ను మరిచిపోలేదమ్మా నువ్వు. కడుపు నిండిపోయింది. అన్నం సయించలేదు.

ఏప్రిల్ 14

తొలి పురుడు పుట్టింట్లోనే. మాలో అంతే. రత్నాన్ని సముద్రం వైపు గదిలోనే పడుకోబెట్టాలి. గాలి బాగా వస్తుంది.

గాలి బాగా వస్తుంది అని రాసి, లేచి వెళ్లి ఆ గోడ చూసి వచ్చాను. రేకుల గోడ. ఉప్పుగాలి తినేసింది. వేలు పెట్టి నొక్కితే వేలు బయటికి పోయింది. రెండు చిల్లులకి ఫ్లెక్సీ ముక్క అడ్డం కట్టి ఉంది. అందులో ఎవరో నాయకుడి సగం మొహం, రెండు చేతులూ జోడించి ఉన్నాడు. నా మనవడు పుట్టగానే మొదట ఆయన దండమే చూస్తాడన్నమాట.

ఎన్నిసార్లు మార్చాను ఈ రేకులు. కొత్త రేకు తెస్తాను, రెండు వానాకాలాలు ఆగుతుంది, మళ్లీ అదే తుప్పు. విసుగొచ్చి వదిలేశాను.

ఏప్రిల్ 17

వియ్యపురాలు ఫోన్ చేసింది. కాకినాడ వైపు మనిషి. కోపంలో కూడా అండీ అంటుంది. ఇవాళ కోపం కూడా లేదు.

"అన్నయ్యగారండీ, ఏమీ అనుకోవద్దు. ఆ రేకుల గోడ పక్కన పచ్చి బాలింతరాలు ఎలా పడుకుంటుందండీ? పురుడు మేమే పోసుకుంటాం లెండి."

క్రితం వానలకి వచ్చి ఒక పూట ఉంది ఆవిడ. మంచం మూడు చోట్లకి జరిపినా పక్క తడిసింది. అబద్ధమాడి ఉంటే దెబ్బలాడేవాడిని. నిజం చెప్పే మనిషితో ఏం దెబ్బలాడతాం.

గోడ మార్పిస్తాను చెల్లెమ్మా అన్నాను. మార్పించండి, చూద్దాం అంది.

ఏప్రిల్ 18

చూద్దాం అంది. వద్దనలేదు.

ఏప్రిల్ 20

సింహాద్రి బావని తీసుకొచ్చి గోడ చూపించాను. ఎల్లమ్మ అన్న. హార్బరులో బోట్లు బాగుచేస్తాడు. చేపల వేట బందు రోజులు కదా, ఒడ్డున ఎన్ని బోట్లు బోర్లా ఉన్నాయో అన్నీ అతని నెత్తి మీదే. అయినా వచ్చాడు. గోడని వేళ్లతో కొట్టి చూశాడు. రేకు పొడి రాలింది.

రేకులన్నీ పీకెయ్యాలట. మందం ప్లైవుడ్ పెట్టి, దాని మీద బోటుకి వేసినట్టే ఫైబర్ వేసెయ్యాలట. ఫైబర్ అంటే గాజు నార గుడ్డ. దాన్ని బంకతో తడిపి అతికిస్తారు, బంక ఎండితే రాయి. రాత్రింబవళ్లు సముద్రం కొడుతున్నా బోటుకి ఏమీ కాదు, నీ గోడకి తుంపర్లే కదా అన్నాడు.

"నీ మనవడి పెళ్లిదాకా దీన్ని సూడక్కర్లేదు బావ."

మనవడి పెళ్లి! అతన్ని గట్టిగా పట్టేసుకున్నాను. నడుం పట్టేసింది. అలాగే కూర్చుండిపోయాను చాలాసేపు.

ఏప్రిల్ 22

అప్ప వచ్చింది. మా అక్క, ఇంట్లో అందరికంటే పెద్దది, నన్ను ఎత్తుకుని పెంచింది, ఇప్పటికీ నాకు పదేళ్లే అనుకుంటుంది. గోడ సంగతి చెప్పాను. ఇంత సంతోషంగా చెప్పాను. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఆడపిల్ల కడుపుతో ఉండగా ఇంట మేకు కొడతావేటి? మతుందా నీకు?"

నాకు నిజంగా గుర్తులేదు. కడుపుతో ఉన్నవాళ్ల ఇంట్లో కట్టుబడి పని పెట్టరు, మేకు దిగ్గొట్టరు. బిడ్డకి తగులుతుందంటారు. మా అమ్మ చిలక్కొయ్య కూడా కొట్టనిచ్చేది కాదు. సంతోషంలో అదంతా ఎక్కడికి పోయిందో.

ఎల్లమ్మ ఆలోచించి ఒక దారి చెప్పింది. రత్నం ఇప్పుడు మనింటి పిల్ల కాదు కదా, ఇంటిపేరు మారింది, గోత్రం మారింది, ఇక్కడ మేకు కొడితే దానికెందుకు పడుతుంది అని. అప్ప నశ్యం పీల్చి, అవును, ఆ లెక్కన దోషం లేదు అంది. ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఊఁ అంటే చాలు.

అనలేకపోయాను. మనింటి పిల్ల కాకపోతే ఈ గోడెవరికి?

లేచి ఒడ్డుకి వెళ్లిపోయాను.

ఏప్రిల్ 23

ఎల్లమ్మ అలిగింది. నెత్తళ్ల పులుసు పెట్టింది. కంచం పెట్టిన చప్పుడే మాట.

ఏప్రిల్ 25

సింహాద్రి విని నవ్వాడు. మీ నాన్న తెప్పకి ఎన్ని మేకులున్నాయి బావ, అని అడిగాడు.

ఒక్కటి లేదు. దుంగ పక్కన దుంగ పెట్టి తాడుతో కట్టడమే. ఆ తాడు నమ్ముకునే మా నాన్న జన్మంతా సముద్రం మీదకి పోయాడు, వచ్చాడు.

పాత స్తంభాలు గట్టిగానే ఉన్నాయి. ప్లైవుడ్‌కి కన్నాలు అతని షెడ్డులోనే పెట్టి తెస్తాడు. ఇక్కడ నైలాన్ తాడుతో స్తంభాలకి బిగించి కట్టేస్తాం. ముడుల మీంచి ఫైబర్ వేసేస్తాం. మేకు లేదు, స్క్రూ లేదు, మా ఇంట్లో సుత్తి చప్పుడే ఉండదు.

అప్ప దగ్గరికి పరిగెత్తాను. పరిగెత్తానని రాశాను గానీ నడిచాను, మధ్యలో రెండుసార్లు కూర్చున్నాను. తాడుకి దోషం లేదంది. మరి పాత రేకుల మేకులు పీకాలి కదా అంటే నశ్యం డబ్బీ మూత పెట్టి తేల్చేసింది.

"కొట్టొద్దన్నారు. తియ్యొద్దని ఎవులూ అన్లేదు."

మా అప్ప హైకోర్టులో ఉండాల్సింది.

ఏప్రిల్ 29

రేకులు పీకాం. నోట్లో తుప్పు. ఉమ్మితే ఎర్రగా వస్తోంది. చేతులు గీసుకుపోయాయి. ఆఖరి రేకు పడగానే గది నిండా సముద్రం. ఎల్లమ్మ ఎండు చేపల బుట్ట దించి, అలాగే నిలబడి చూసింది. ఇలాగే ఉంచేద్దామా అంది. వారం తరవాత మొదటి మాట.

మే 2

చేతులు పైకి లేవడం లేదు. ఎల్లమ్మ అన్నం కలిపి పెట్టింది. చిన్నపిల్లాడిలా తిన్నాను.

మే 6

ప్లైవుడ్ పలకలు కట్టడం అయింది. కాలితో తన్నిపెట్టి తాడు లాగాలి. నా కాలికి అంత బలమెక్కడిది. మోకాలు కలుక్కుమంది. సింహాద్రి ఒక వైపు, నేను ఒక వైపు. ముడి మాత్రం నేనే వేశాను. బుర్రకి గుర్తులేదు, వేళ్లకి గుర్తుంది. "మర్సిపోలేదేటి బావ" అన్నాడు. ఆ మాటకి ఇంకో పది ముడులు వేసేవాడిని. వెయ్యలేకపోయాను.

మే 11

ఫైబర్ వేశాం. ఎండ ముదరకముందే అయిపోవాలి, లేకపోతే డబ్బాలోనే గడ్డకట్టేస్తుంది. గుడ్డ పరచడం, బంక రాయడం, రోలరుతో నొక్కడం, మళ్లీ గుడ్డ. గాజు నార ఒళ్లంతా గుచ్చుకుంది, ఎంత నీళ్లు పోసుకున్నా దురద. పైన రంగు నీలం. బోటుకి తెచ్చిందే మిగిలిందట.

ఎంత బాగుందో. గోడని నిమిరాను. నిమిరి చూస్తుంటే అరచేతికి ఎక్కడా గరుకు తగల్లేదు.

మే 12

వీధంతా వచ్చి చూసి పోతోంది. ఇంటిని నీళ్లలోకి ఎప్పుడు దించుతావు అని ఒకడు. ఇంజిను వంటింట్లో పెడతావా, పడగ్గదిలోనా అని ఒకడు. నంబరు రాయించకపోతే కోస్టుగార్డు పట్టుకుంటాడని ఇంకొకడు. వాళ్లకంటే నేనే ఎక్కువ నవ్వాను.

ఫొటో పంపాను. రత్నం ఫోన్ చేసింది. "నాన్నా, మంచి బోటు కట్టేవు. నానెక్కడ కూకోవాల, ముందా ఎనకా?" దాని నవ్వు విని ఎన్నాళ్లయింది. ఫోన్ పెట్టేశాక కూడా చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను.

మే 15

బంక ఒక బకెట్ మిగిలిపోయింది. సింహాద్రి బయట వేస్తే చాలన్నాడు. చాలు అంటే ఎలా. లోపల మాత్రం ఎందుకు వదలాలి? పసిబిడ్డ పడుకునే వైపు అదే కదా. గాలి పోగు కూడా రాకూడదు. సింహాద్రి లేడు, పిలిస్తే మళ్లీ పని మానుకుని రావాలి. బంకలో గట్టిపడే మందు కలపడం ఆ రోజు చూశాను. కూరలో ఉప్పులాగా కంటి అంచనాతో కలిపేశాను. బ్రష్ పట్టుకుని మూలమూలలా రాశాను, పైనుంచి కింద దాకా. భుజం పడిపోయింది. మనసు నిండిపోయింది.

మే 17

లోపలి గోడ ఇంకా వేలికి అంటుకుంటోంది.

మే 19

అంటుకుంటోంది. వాసన కూడా. ఎల్లమ్మ వంటింట్లోకి మంచం మార్చుకుంది.

సింహాద్రి వచ్చి వేలు పెట్టి చూశాడు, వేలుని చూశాడు, నన్ను చూశాడు. మందు తక్కువేశావు, ఇంక ఇది గట్టిపడదు అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మే 21

ఇవాళే రావాలా వాళ్లు.

ద్వారకా నగర్లో డాక్టరమ్మకి చూపించుకుని, గోడ చూసి పోదామని అటు నుంచి అటే వచ్చారు, రత్నం, వియ్యపురాలు. వీధిలో నిలబడి చూసినంతసేపూ బాగానే ఉంది. గట్టిగా ఉందండీ, బాగుందండీ అని వియ్యపురాలే అంది. నాకు గాల్లో తేలినట్టుంది. లోపలికి రండి అని నేనే పిలిచాను.

రత్నం గుమ్మం దాటలేదు. అక్కడే వాంతి చేసుకుంది. వియ్యపురాలు చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఇంకో చేత్తో దాని వీపు రాసింది. నీళ్లు తెచ్చి మొహం కడిగింది. నేను చెంబు పట్టుకుని నిలబడే ఉన్నాను.

"ఇది బోటు షెడ్డు వాసనండీ, అన్నయ్యగారూ. ఇందులో బిడ్డనెలా ఉంచుతామండీ? పురుడు మా దగ్గరే. ఇంక మాటల్లేవు."

ఎల్లమ్మ ఇచ్చిన ఆవకాయ సీసా మాత్రం పట్టుకెళ్లారు. ఆటో తిరిగేదాకా రత్నం వెనక్కి చూస్తూనే ఉంది.

మే 22

రాయడానికి ఏమీ లేదు.

మే 24

గీకుడు మొదలుపెట్టాను. నేను రాసింది నేనే గీకాలి. జిగురు గీకే పట్టీకి అంటుకుంటుంది, పట్టీ చేతికి అంటుకుంటుంది. అడుగు మేర గీకితే నడుం ఆగిపోతుంది. బయటికొచ్చి కూర్చోవడం, గాలి పీల్చుకోవడం, మళ్లీ లోపలికి. ఎల్లమ్మ ఎండు చేపలు అమ్ముకుని వచ్చి, ముక్కుకి గుడ్డ కట్టుకుని పక్కన కూర్చుంది.

"నీకు సంతోసమొచ్చినా కట్టమొచ్చినా పని నాకే."

అంటూనే గీకుతోంది.

మే 27

గీకుతున్నాం.

మే 31

ఇంకా ఒక వారగా ఉంది. కింద మూల. వంగలేను. వంగితే లేవలేను. ఈ వయసులో ఇంత సంతోషం రాకూడదేమో.

కొట్టేస్తే బాగుండును ఆ మాట. బిడ్డ వినగలదట కడుపులోంచి. రాసింది చదవలేదు కదా, ఉండనీ.

జూన్ 5

అయింది. సింహాద్రి వచ్చి థిన్నరుతో తుడిచాడు. కింద మూల ప్లైవుడ్ పీల్చేసుకుంది, దాన్ని ఎండే చూసుకోవాలి అన్నాడు. తలుపులు, కిటికీ బార్లా తీసి ఉంచమన్నాడు.

జూన్ 9

లోపలంతా సున్నం వేశాం. తెల్లగా ఉంది గది. సాంబ్రాణి వేశాను. వేపాకు వేశాను. ఎవరో ఉల్లిపాయలు కోసి పెట్టమంటే అదీ పెట్టాను. ఇప్పుడు ఆ వాసనలన్నీ పోవాలి.

జూన్ 16

బందు అయిపోయింది. బోట్లన్నీ వేటకి పోయాయి. కొబ్బరికాయలు, పసుపు, హారతులు, ఒడ్డంతా జనం. నేను పోలేదు. గదిలో కూర్చుని వాసన చూస్తున్నాను.

నా ముక్కుని నేను నమ్మను. ఎల్లమ్మని అడిగితే, పుట్టిన కాణ్ణుంచి సేపల్లో ఉన్నాను, నాకేటి తెలుస్తాది అంది. గ్యాసు బండ తెచ్చిన అబ్బాయిని లోపలికి పిలిచి వాసన చూడమన్నాను. భయపడి బండ రెండుసార్లు చూసుకున్నాడు. అప్ప వచ్చి చాప వేసుకుని కూర్చుంది, పూటంతా కూర్చుంది, ఒక కునుకు తీసింది. లేచాక, నాకు జలుబురా అంది.

జూన్ 20

వియ్యపురాలికి ఫోన్ చేశాను. గొంతు సరిచేసుకుని చేశాను. వాసన పోయిందమ్మా, ఒక్కసారి వచ్చి చూడండి అని. ఐదో నెల దాటిపోతోందండీ, ఆరులో కదపకూడదు, ఏడో నెల రానివ్వండి, చూద్దాం అంది.

మళ్లీ చూద్దాం. ఏప్రిల్లో ఆ మాటకి సంతోషించాను. ఇవాళ ఆ మాట పట్టుకుని ఎల్లమ్మా నేనూ సాయంత్రం దాకా కూర్చున్నాం. రత్నం వస్తుందనా, రాదనా? అది రాదు అనడానికి ఎల్లమ్మకి కారణాలున్నాయి. వస్తుంది అనడానికి నాకు గోడ తప్ప ఏముంది.

జూన్ 28

పెద్ద వాన. ఈదురుగాలి. గోడకి వీపు ఆనించి కూర్చున్నాను. చుక్క రాలేదు. చెమ్మ కూడా లేదు. ఇంతకు ముందు వానొస్తే రేకులు అరిచేవి, మాట వినపడేది కాదు. ఇప్పుడు దబ్... దబ్... అంతే. బోటు లోపల పడుకున్నట్టు.

పొడి గది. ఖాళీ గది. నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తెలీడం లేదు. అలిసిపోయాను.

జూలై 3

జ్వరం. మోకాళ్లు వాచాయి. ఎల్లమ్మ ఆముదం రాసింది.

జూలై 9

వచ్చింది. మా రత్నం వచ్చింది.

అరుగు మీద కూర్చుని ఉన్నాను. ఆటో ఆగింది. ఒక్కతే దిగింది, చేతిలో సంచి. వెనక ఎవరైనా దిగుతారేమోనని చూశాను. ఎవరూ లేరు. దువ్వాడ నుంచి బస్సులో వచ్చి, ఆర్టీసీ కాంప్లెక్సులో దిగి ఆటో కట్టించుకుందట. ఆరో నెల. కడుపు కనిపిస్తోంది. అమ్మా అని పిలిచి, ఆకలేస్తోంది అంది. ఎల్లమ్మ చేతిలో చేట పడిపోయింది.

ఎవరమ్మా తీసుకొచ్చింది, ఇలా ఒక్కదానివీ... నేనింకా ఏదో అడుగుతున్నాను, అది అన్నం తింటోంది. అత్తగారు పెళ్లికని కాకినాడ వెళ్లారట. ఆదివారం వస్తారట. మొగుడికి చెప్పే వచ్చిందట.

"మరి మీ అత్తగారికి?" అంది ఎల్లమ్మ.

"సెప్తే సూద్దాం అంటారు. నాకింక సూసే ఓపిక లేదమ్మా."

మేం తీసుకురావాలి. చలిమిడి, సారె పట్టుకెళ్లి, బేసి నెలలో, మంచి వారం చూసి, పెద్దలని అడిగి తీసుకురావాలి. అది సంచీ పట్టుకుని వచ్చేసింది. ఎన్నాళ్లుంటావే అని ఎల్లమ్మ మెల్లగా అడిగింది. పురుడయ్యేదాకా అంది, పెరుగన్నం కలుపుకుంటూ.

చెయ్యి కడుక్కుని ఆ గదిలోకి వెళ్లింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. గోడకి ముక్కు ఆనించి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచింది. మెల్లగా, కడుపు పట్టుకుని వంగి, కింద కూడా చూసింది. చూసి లేచింది.

"సున్నం. ఆ కింద మూల కొంచెం బంక వాసన ఉంది నాన్నా. తల ఇటేపు పెట్టుకుంటాను."

లోపలి గదిలో పడుకోమన్నాను. వినలేదు. రేపు పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి ఆ మూల సంగతి అడగాలి. ఆవిడ వద్దంటే మంచం మార్చాల్సిందే, రత్నం ఏమన్నా సరే. ఆ మాట దానికీ చెప్పాను. సరే అంది. అప్పుడే నిద్రపోయింది. వాన పడుతోంది. దానికి తెలీడం లేదు. కిటికీ తీసే ఉంచాను, జల్లు రాకుండా నేను అడ్డం కూర్చున్నాను.

సంతోషమని రాయాలి. సంతోషమే. కాళ్లలో సత్తువ లేదు, అంతే.

చెప్పాల్సినవాళ్లు:

అల్లుడు — తెలుసు. అయినా చెప్పాలి, దిగింది, తింది, పడుకుంది అని.

అప్ప — సరి నెలలో వచ్చిందని గోల పెడుతుంది. భోంచేశాక చెప్పాలి. దోషానికి దారి ఏదో ఆవిడే చెబుతుంది.

సింహాద్రి బావ — రేపు వచ్చి ఆ మూల చూడాలి. రత్నానికి తెలీకుండా.

భీమిలిలో పిన్ని — మంత్రసాని పని చేసిన చెయ్యి. ముందే చెప్పుకుంటే మంచిది.

పూడిమడకలో తమ్ముడు — చెప్పకపోతే ఏడాది మాట్లాడడు.

ఎల్లమ్మ చెల్లెలు — ఎల్లమ్మే చెప్పేసింది, ఇప్పుడే, వంటింట్లోంచి, గుసగుసగా.

వియ్యపురాలు — అందరికంటే ముందు ఆవిడకి చెప్పాలి. నువ్వు చెప్పు అంటుంది ఎల్లమ్మ. ఆడవాళ్లు ఆడవాళ్లు మాట్లాడుకోండి అన్నాను నేను. రత్నం లేచాక అదే చెబుతుందేమో. ముందు చెప్పాల్సిన మనిషి. అందుకే ఆఖర్న రాశాను.